మోచేతి దాకా ప్రవేశం

ఆషాఢం వెళ్ళిన మొదటి మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు హైమవతి కుడిచెయ్యి చిత్రలేఖనం క్లాసులో చేరింది. మిగతా హైమవతి ఇంట్లోనే ఉండిపోయింది, నాలుగింటికి కుళాయి వస్తుంది కనక.

ఆ ఇంట్లో ఎవరో బొమ్మలకి అడ్డు చెప్పారనుకుంటే పొరపాటు. హైమవతి భర్త గవర్రాజు కాకినాడలో మురుగుకాలవల విభాగం ఆఫీసులో సూపరింటెండెంటు. ఏ విషయాన్నీ తోసిపుచ్చే మనిషి కాడు, పరిశీలిస్తాడు. నలభై ఆరేళ్ళ వయసులో బొమ్మలు నేర్చుకుంటానని భార్య అడిగితే, అన్నంలో చారు కలుపుకుంటూ ఆ సంగతి కూడా పరిశీలించాడు.

“నేర్చుకో. నేనెప్పుడైనా కాదన్నానా? కానీ ఒక్క మాట చెప్పు. బొమ్మ వెయ్యడానికి ఏం కావాలి?”

“కాగితం, రంగులు...”

“అవి కాదు. నీ వైపునించి ఏం కావాలి?”

“చెయ్యండి.”

“మరి చేతికోసం మనిషంతా వెళ్ళడం దేనికి?”

ఎదురుగా కూర్చున్న అత్తగారు వీరమాణిక్యం కొడుకు తెలివికి మురిసిపోయి ఇంకో గరిటె చారు పోయమంది. పోసింది హైమవతే, అప్పటికి చెయ్యి ఇంట్లోనే ఉంది.

ఆ వీధిలో ఇదేమీ కొత్తకాదు. పక్కింటి దమయంతి పాదాలు రెండేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటున్నాయి. అవి అక్కడ తాళానికి అడుగులేస్తుంటే, దమయంతి ఇక్కడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. చివరింటి ఆవిడ చెవులు సంగీతానికి వెళతాయి. ఆ గంటసేపూ ఆవిడతో పని పడినవాళ్ళు భుజం తట్టి సైగ చెయ్యాలి. వాళ్ళాయన మాత్రం ఆవిడకి చెప్పాల్సినవన్నీ ఆ గంటలోనే చెప్పుకుని తేలికపడుతుంటాడని వీధిలో అంటారు.

చెయ్యి ఊడదీయడం ఎలాగో దమయంతే నేర్పింది. “కొబ్బరినూనె కొంచెం రాసి, మిక్సీ జారు తిప్పినట్టు ఎడమవైపుకి తిప్పెయ్యండి వదినగారూ. మొదటి రెండు మూడుసార్లూ బిగుసుకుంటుంది. ఏం భయపడకండి. నా ఎడమ పాదం అయితే మొదటిరోజు మా ఆయన వచ్చి పట్టుకార పెట్టాల్సొచ్చింది.”

“నొప్పి ఉంటుందేంటి?”

“నొప్పేం ఉండదు. కొంచెం తేలిగ్గా ఉంటుంది. దానికే అలవాటు పడాలి.”

దరఖాస్తులో ‘చేరు భాగము’ అని ఒక గడి ఉంది. మణికట్టు దాకానా, మోచేతి దాకానా, భుజం దాకానా అన్నది కొట్టివేతలతో తేల్చాలి. హైమవతికి మణికట్టు చాలనిపించింది. గాజుల దగ్గర వచ్చింది పేచీ. చేతితోపాటు గాజులు వెళ్ళకపోతే రోడ్డుమీద చూసినవాళ్ళు ఏమనుకుంటారని వీరమాణిక్యం నిలదీసింది. మణికట్టు దాకానే అయితే గాజులు నిలిచే చోటు లేదు. కాబట్టి మోచేతి దాకా అని ఖరారైంది. అభ్యర్థి సంతకం చెయ్యే స్వయంగా పెట్టింది. సంరక్షకుల సంతకం గవర్రాజు పెట్టాడు. కేంద్రంలో గుమస్తా రెండూ సరిచూసి, ఇంత తిరుగులేని సంతకం ఈ ఆఫీసులో చాలా అరుదని, సంతకం పెట్టిన చెయ్యే ఎదురుగా ఉంది కదా అని, ముద్ర గుద్దేశాడు.

వెళ్ళడానికి షేర్ ఆటో. మొదటిరోజు గేటు దగ్గర నిలబడి హైమవతి ఎడమచేత్తో కుడిచేతిని అందించింది.

“ఆయ్, చెయ్యొక్కటేనా అండి?” అన్నాడు ఆటో అతను.

“చెయ్యొక్కటే బాబూ. రైసుమిల్లు సందు దగ్గర దింపాలి.”

“ఇచ్చెయ్యండి. ఒళ్ళో పిల్ల లెక్కేనండి, దానికి సీటేం అక్కర్లేదు.”

చెయ్యి పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడింది. ఆటో మలుపు తిరిగేదాకా గాజులు గలగలలాడటం వినిపించింది. తర్వాత వినిపించలేదు. హైమవతి కాసేపు అక్కడే నిలబడి, కుళాయి వచ్చేవేళయిందని గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది.

*

చిత్రకళా కేంద్రం పాత రైసుమిల్లు గోడౌను పైన ఉంది. పెద్ద హాలు, ఉత్తరంవైపు కిటికీలు, నడుమ ఒక బల్ల. బల్లమీద ఇత్తడి చెంబు. చుట్టూ ఎత్తు పీటలమీద డజను దాకా కుడిచేతులు, ఒక ఎడమచెయ్యి. అది ఎడమచేతివాటం ఉన్న ఒకావిడది. ఇంటిదగ్గర ఆవిడకి కుడిచెయ్యి మిగిలి ఉండటం చూసి ఆ వీధివాళ్ళంతా ఆవిడది అదృష్టజాతకం అంటారు.

మగవాళ్ళు ఇద్దరు ముగ్గురే అయినా వాళ్ళు పూర్తిగా వచ్చేవారు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన కోదండరామయ్యగారు తల, కాళ్ళు, పొట్ట అన్నీ తెచ్చుకునేవారు. క్లాసులో వాటికి పనేమీ పడేదికాదు. పొట్టకి మాత్రం నాలుగున్నరకి బిస్కెట్లు పెట్టేవారు.

నేర్పేది భుజంగరావు మాస్టారు. చేతులకి చెవులుండవు కనక పాఠం అరచేతిలో రాసి చెప్పేవారు. పరాయి ఆడవాళ్ళ చేతులు కదా, వేలితో కాదు, కుంచె కర్ర వెనకవైపుతో. మగవాళ్ళకి నోటితో చెప్పేవారు. వాళ్ళకి ఒక్కోసారి రెండుసార్లు చెప్పాల్సివచ్చేది.

చేతులకి కళ్ళు కూడా ఉండవు. చూపు కావలసినవాళ్ళకి వేరే కోర్సు ఉంది, శనివారాలు, కళ్ళకి మాత్రమే. అందుకని చేతులు ఒక్కొక్కటీ బల్లదాకా వెళ్ళి చెంబుని తడిమి, దాని పొట్ట ఎంతో మెడ ఎంతో చూసుకుని వచ్చి వేసేవి. హైమవతి చెయ్యి కూడా వెళ్ళి తడిమింది. దానికి చెంబు కొత్తేమీ కాదు. లోపలి అంచున చింతపండు పెట్టి తోమనిచోటు ఎక్కడుందో కూడా పట్టేసింది. వచ్చి, బొగ్గుకడ్డీ తీసుకుని, కాగితంమీద ముందుగా చుక్కలు పెట్టింది. చుక్కల్ని చుట్టి గీత తిప్పుకుంటూ వచ్చింది. ఎక్కడ మొదలెట్టిందో అక్కడికే తెచ్చి కలిపేసింది. కాగితంమీద చెంబు ఉంది. కానీ వాకిట్లో పెట్టిన చెంబు ముగ్గులాగా ఉంది.

మాస్టారు అన్ని పీటలూ తిరిగి చూశారు. అన్ని కాగితాలమీదా చుక్కలే. ఒక చెయ్యి మరీ ముందుకెళ్ళి చెంబు చుట్టూ నాలుగు దీపాలు కూడా వేసింది.

ఆయన ఓపిక గల మనిషి. ఒక్కొక్క అరచేతిలోనూ రాసుకుంటూ వెళ్ళారు: ‘ఇది చెంబు. వాకిలి కాదు.’

చుక్కలు మానడానికి హైమవతి చేతికి శ్రావణమాసమంతా పట్టింది. గీత కలపకుండా ఉండటానికి ఇంకా ఎక్కువే పట్టింది. వెలుతురు పడేచోట గీత వదిలెయ్యమని, చూసేవాళ్ళ కన్నే దాన్ని కలుపుకుంటుందని మాస్టారు అరచేతిలో పొడవాటి వాక్యం రాశారు. చేతికి చక్కిలిగింత పుట్టింది గానీ నమ్మకం కుదరలేదు. ఏడేళ్ళప్పుడు ముగ్గుపిండి పట్టిన దగ్గరినుంచీ దానికి తెలిసింది ఒకటే. గీత కలవాలి. కాపరానికి వచ్చాక వీరమాణిక్యం ఆ మాటే ఇంకా గట్టిగా చెప్పింది, గీత కలవని ముగ్గులోంచి ఇంట్లో ఉండాల్సింది బయటికి పోతుందని. ఏం పోతుందో చెప్పలేదు. ఆవిడకీ వాళ్ళ అత్తగారు చెప్పలేదట.

ఒకరోజు చెయ్యి చెంబు కుడిపక్కన బెత్తెడు మేర గీత వదిలేసింది. వదిలేసి, ఏమైనా బయటికి పోయిందేమోనని కాగితం అంచులు తడిమి చూసింది. ఏమీ కాలేదు. చెంబు గుండ్రంగా, కాగితంమీంచి పైకి లేచినట్టుగా వచ్చింది. మాస్టారు అరచేతిలో ‘భేష్’ అని రాశారు.

రంగుల దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళ చేతులకి అడ్డులేకపోయింది. నూనెరంగు ఏ చిక్కదనంలో కలపాలో మాస్టారు నానా అవస్థాపడి చెప్పబోతుంటే, చేతులన్నీ అప్పటికే కలిపేసి కూర్చున్నాయి. ఆకాశానికి దోసెల పిండి జారు, మొహానికి బజ్జీల పిండి జారు, జుట్టుకి చలిమిడి గట్టితనం. కోదండరామయ్యగారి పళ్ళెంలో రంగు పులుసులాగా అన్నివైపులకీ పారుతుంటే, పక్క పీటమీది చెయ్యి ఉండబట్టలేక గరిటె లాంటిది తీసుకుని సరిచేసింది. ఆయన చుట్టూ చూసి, ఎవరూ చూడలేదని ఖాయం చేసుకుని, ఆ రంగే వాడుకున్నారు.

*

ఇంటిదగ్గర ఆ రెండు గంటలూ ఎడమచేత్తో గడిచేవి. బిందెలు పట్టడం నేర్చుకుంది, తరగడం నేర్చుకుంది. టీ ఎడమచేత్తో ఇస్తే వీరమాణిక్యం తీసుకోనంది. రెండురోజులు తాగకుండా ఉండి, మూడోరోజు బల్లమీద పెట్టి వెళ్ళిపొమ్మంది. బల్లమీంచి తీసుకుంటే కోడలు ఏ చేత్తో పెట్టిందో బల్లకి మాత్రమే తెలుస్తుందని ఆవిడ తీర్మానం.

ఐదింటికి ఆటో దగ్గర చెయ్యి దిగేది. గోళ్ళల్లో రంగు, వేళ్ళకి టర్పెంటైను వాసన. హైమవతి దాన్ని బిగించుకుని, కదిపి చూసుకుని, అడిగేది.

“ఏం వేశావు ఇవాళ?”

చెయ్యి మాట్లాడదు. కానీ బిగించుకున్న ఒక నిమిషానికి మోచేతినుంచి భుజందాకా ఒక హాయి పాకివచ్చేది. బాగా నవ్వి వచ్చిన మనిషి పక్కన కూర్చుంటే, ఎందుకు నవ్విందో తెలియకపోయినా మన మొహం విచ్చుకుంటుంది చూడండి, అలాంటిది. హైమవతికి అది చాలేది కాదు. తన చెయ్యి ఏం వేస్తోందో చూడాలని ఉండేది. బొమ్మలు ఇంటికి పంపరు, ప్రదర్శన అయ్యేదాకా కేంద్రంలోనే ఉండాలని నిబంధన. పప్పు పోపు పెడుతూ చేతిని ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసుకుంది. ఎర్రటి చారిక ఒకటి ఉంటే అది ఏ చీరదో, ఏ పండుదో అనుకునేది. తనదే అయిన ఒక పని తనకి తెలియకుండా జరుగుతోందన్న సంగతి ఆవిడకి చిత్రంగా ఉండేది. ఆ ఇంట్లో ఇంకెవరికీ చిత్రంగా లేదు.

కార్తీకంలో ఒక పొద్దున్న వీరమాణిక్యం వాకిట్లోంచి పిలిచింది.

“హైమా! ఇలా రా ఓసారి. ఏంటే ఇది?”

“ముగ్గండి అత్తయ్యగారూ.”

“ముగ్గని నాకూ తెలుసు. ఇక్కడ గీతేదీ? తూరుపువైపు కలవలేదేంటి?”

హైమవతి చూసింది. నిజమే, తూరుపువైపు బెత్తెడు మేర ఖాళీ ఉంది. “అటునించి వెలుతురు పడుతోందండి,” అంది.

“వెలుతురు పడితే?”

“పడితే వదిలెయ్యాలటండి. చేతికి అలవాటైపోయింది.”

గవర్రాజుని పిలిచారు. ఆయన పళ్ళు తోముకుంటూనే వచ్చి, ముగ్గు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఖాళీని చెప్పు మొనతో కొలిచి చూశాడు. మా ఆఫీసులో అయితే ఇలాంటి కాలవకి బిల్లు పాస్ అవ్వదన్నాడు. అయినా ముగ్గు పంచాయతీ తన పరిధిలోకి రాదని తేల్చి లోపలికి వెళ్ళిపోయాడు. వీరమాణిక్యం తనే వంగి, నడుం పట్టుకుని, పిండితో ఆ ఖాళీని పూడ్చింది. ఆ రోజునుంచీ అది ఆవిడ ఉద్యోగమైంది. పొద్దున్నే చెయ్యి వదిలేసేది, ఆవిడ కలిపేసేది.

*

సంక్రాంతి హడావుడి తగ్గాక, ఒక సాయంత్రం చెయ్యి ఒక కార్డు పట్టుకుని వచ్చింది. విద్యార్థుల చిత్రప్రదర్శన, ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, సకుటుంబంగా దయచేయవలెను.

ఆ ఆదివారం సాయంత్రమే గవర్రాజు ఆఫీసునుంచి ఇంజినీరుగారు భార్యతో టిఫినుకి వస్తున్నారు. గవర్రాజు ప్రమోషను ఫైలు ఆయన బల్లమీదే ఉంది. కాబట్టి రాత్రి భోజనాల దగ్గర చర్చ జరిగింది. హైమవతి ఆ చర్చకోసం మధ్యాహ్నమంతా ఒక మాట సిద్ధం చేసుకుంది. గిన్నెలు సర్దుతూ, వాటికి ఒకసారి వినిపించి చూసుకుంది కూడా.

“నేనే వెళతానండి,” అంది.

“వెళ్ళు. చేతిని పంపించు,” అన్నాడు గవర్రాజు.

“చెయ్యి కాదండి. నేను.”

“నువ్వంటే?”

“నేనేనండి. మొత్తం.”

వీరమాణిక్యం మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. గవర్రాజుకి కోపం రాలేదు. ఆయన నిజాయితీగా ఆలోచించాడు. నుదురు ముడిపడింది.

“మొత్తం వెళితే, మరి ఇంట్లో ఎవరుంటారు?”

గవర్రాజు ఇంట్లో ఉన్నాడు. వీరమాణిక్యం ఉంది. అయినా ఆ ప్రశ్నకి జవాబు ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. వెళతానన్న హైమవతికి కూడా తోచలేదు, అదే ఆవిడకి ఆ రాత్రి నిద్రపట్టనివ్వలేదు.

మర్నాడు దమయంతి దారి చూపించింది. “మొత్తం ఎందుకు వదినగారూ, చూడటమే కదా మీకు కావలసింది? కళ్ళని పంపించండి.”

“వచ్చినవాళ్ళకి వడ్డించాలి కదా.”

“అయితే ఒక కన్ను.”

గవర్రాజుకి ఇది నచ్చింది. లోతు తెలియాలంటే రెండు కళ్ళు కావాలి గానీ, బొమ్మ బల్లపరుపుగానే ఉంటుంది కనక ఒకటి చాలునన్నాడు. ఏ కన్నన్న దానిమీద కాస్త నలిగి, చేతితోపాటు తీసుకువెళ్ళడం వీలని కుడికన్నే ఖాయం చేశారు. ఎడమకన్ను, ఎడమచెయ్యి, రండి కూర్చోండి అనడానికి నోరు, వంటింట్లో కుక్కరు కూత వినడానికి చెవులు, అటూ ఇటూ తిరగడానికి కాళ్ళు ఇంట్లో ఉంటాయి. ఇంతకంటే ఏం కావాలి?

వెండి కుంకుమభరిణెలో తడి దూది పరిచి, అందులో కన్ను పెట్టి, చేతికి ఇచ్చారు. చెయ్యి దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఆటో ఎక్కింది. కడ్డీ పట్టుకోవడానికి వీల్లేక, పక్కన కూర్చున్న పెద్దాయన చొక్కా జేబుని ఆసరా చేసుకుంది.

గోడౌను నిండా జనం. ముందు వరసల్లో మగవాళ్ళు, వెనక కుర్చీల్లో చేతులు, కళ్ళు, సంగీతం క్లాసు చెవులు. దమయంతి పాదాలు కూడా గోడవారన నిలబడ్డాయి. వార్డు పెద్దమనిషి ఒకాయన రిబ్బను కత్తిరించగానే చప్పట్లు కొట్టాల్సివచ్చింది. ఒంటిచేత్తో ఎలాగా? హైమవతి చెయ్యి భరిణెని కుర్చీలో పెట్టి, కాసేపు గాలిలో తచ్చాడింది. పక్క కుర్చీలో ఎవరిదో ఇంకో కుడిచెయ్యి కూడా అలాగే తచ్చాడుతోంది. రెండూ ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరు ఆడవాళ్ళ చేతులు కలిసి, రిబ్బను అయిపోయాక కూడా, చాలాసేపు చప్పట్లు కొట్టాయి.

తర్వాత చెయ్యి భరిణె మూత తీసి కన్నుని పైకెత్తి పట్టుకుని గోడవెంట నడిచింది. చెంబులు దాటింది. అరటిపళ్ళు దాటింది. ఎడమవైపు చివర, అన్నిటికంటే పెద్ద కాన్వాసు ముందు ఆగింది.

బొమ్మలో ఒక ఆడమనిషి స్టూలుమీద కూర్చుని ఉంది. నీలం నేతచీర. పాదాలు ఉన్నాయి, పగిలిన మడమలతో సహా. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. చెవులు, రెండు కళ్ళు, కళ్ళకింద నీడ, పాపిట దగ్గర పలచబడిన జుట్టు, అన్నీ ఉన్నాయి, అన్నీ ఒకేచోట. ఆవిడ ఏమీ చెయ్యడంలేదు. ఎవరికోసమూ చూడటంలేదు. ఊరికే కూర్చుంది. కుడిభుజం దగ్గర మాత్రం గీత కలవలేదు. అక్కడ వెలుతురు పడుతోంది.

కన్ను చాలాసేపు చూసింది. నలభై ఆరేళ్ళు అద్దంలో బొట్టునీ, పాపిటనీ, చీర కుచ్చెళ్ళనీ విడివిడిగా చూసిన కన్ను అది. చెయ్యి మాత్రం ఆ మనిషినంతా ఎరుగును. రోజూ మొహం కడిగింది అదే, తల దువ్వింది అదే, పాదాలకి రాయి పెట్టి రుద్దింది అదే. తడిమి తెలుసుకున్నదాన్నే వేసింది. కన్ను నీళ్ళు పెట్టుకుంటే చెయ్యి బొటనవేలితో తుడిచింది.

పెద్దమనుషులు వచ్చి వెనక నిలబడ్డారు.

“ఎవరీవిడ?” అన్నాడు వార్డు పెద్దమనిషి.

“కల్పనేనండి,” అన్నారు భుజంగరావు మాస్టారు.

“అదే అనుకున్నా. ఇన్నీ ఒక్కచోటే ఉన్నాయేంటా అని.”

కోదండరామయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఊహ బాగుందండి. పనితనం కూడా ఉంది. కానీ సహజత్వం లేదు. మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు, ఒక్కళ్ళూ ఇలా ఉండరు.”

చేతికీ కంటికీ చెవులుండవు కనక ఈ మాటలు హైమవతి దాకా రాలేదు. మొదటి బహుమతి కోదండరామయ్యగారి చెంబుకి వచ్చింది, చెంబు చెంబులాగే ఉందని. హైమవతి బొమ్మకి ఊహాచిత్రాల విభాగంలో ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. స్టీలు డబ్బా. దాన్నీ, భరిణెనీ, కాన్వాసునీ ఒంటిచేత్తో మోసుకువెళ్ళడం కష్టమని ఆటో అతనే వచ్చి సాయం పట్టాడు.

ఇక్కడ ఇంట్లో టిఫిన్లు దివ్యంగా జరిగాయి. పెసరట్టులో ఉప్మా ఎవరికి ఎక్కువైందో, అల్లం పచ్చడి ఎవరికి అందలేదో ఎడమకన్ను ఒక్కటే కనిపెట్టుకుంది. ఇంజినీరుగారి భార్య ఎడమచేత్తో తింటూ కాస్త సిగ్గుపడింది. “ఏమీ అనుకోకండేం. మాది కుట్టు క్లాసుకి వెళ్ళింది,” అంది. “అయ్యో, దాందేముందండి. మాదీ ఇంట్లో లేదు,” అంది హైమవతి. ఇద్దరూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు, ఉన్నంతవరకు, చూసుకుని నవ్వుకున్నారు.

*

బొమ్మని హాల్లో టీవీ పైన తగిలించారు. మేకు కొట్టి దిగాక గవర్రాజు వెనక్కి నడిచి చూశాడు.

“ఎవరు?”

“నేనేనండి.”

“వేసింది నువ్వని తెలుసు. బొమ్మలో ఎవరని.”

“అదీ నేనేనండి.”

ఆయన బొమ్మనీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. “పోలిక లేకపోలేదు. కానీ నువ్విలా ఊరికే ఎప్పుడు కూర్చున్నావు?”

హైమవతి గుర్తు చేసుకోబోయింది. వీరమాణిక్యం కూడా పాపం ప్రయత్నించింది. ఇద్దరికీ గుర్తురాలేదు.

“ఆ భుజం దగ్గర గీత కలవలేదు, కలిపెయ్యి ముందు,” అంది వీరమాణిక్యం.

“బహుమతి వచ్చిన బొమ్మండి అత్తయ్యగారూ. దిద్దకూడదటండి.”

అది నిజంకాదు. అలాంటి నిబంధన ఏదీ లేదు. హైమవతి దాన్ని అప్పటికప్పుడు కల్పించింది, గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేకుండా. గోడమీదిదాన్ని పూడ్చడానికి వీరమాణిక్యానికి చెయ్యి అందలేదు.

తర్వాతి మంగళవారం మూడింటికి చెయ్యి ఆటో ఎక్కి వెళ్ళింది. సీరియలు మధ్యలో ప్రకటనలు రాగానే వీరమాణిక్యం తల పైకెత్తింది.

“హైమా, గోడమీద మనిషేదే?”

హైమవతి వంటింట్లోంచి వచ్చి చూసింది. కాన్వాసులో స్టూలు ఉంది. స్టూలుమీద ఎవరూ లేరు. గుమ్మం దగ్గర హైమవతి కొత్త చెప్పులు కూడా లేవు. ఆ చెప్పులు కొని ఏడాది అవుతోంది, వేసుకుని వెళ్ళే సందర్భం రాక అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. పెట్టె మూత పక్కన పడి ఉంది.

“క్లాసుకి వెళ్ళిందేమోనండి.”

“చెప్పకుండానా?”

“ఆ భుజం దగ్గర సందుందిగా, అందులోంచి వెళ్ళి ఉంటుంది.”

“నేను చెబితే విన్నావా!” అంది వీరమాణిక్యం, తన మాట నిజమైనందుకు కొంత తృప్తిగానే.

ఐదింటికి చెయ్యి వచ్చింది. కాసేపటికి స్టూలుమీద మనిషి కూడా వచ్చి కూర్చుంది. మొహం ఎండకి కమిలి ఉంది. పాదాలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. చెప్పులు గుమ్మం దగ్గరికి వచ్చేశాయి. గవర్రాజు ఆఫీసునుంచి రాగానే విషయం ఆయన ముందు పెట్టారు. ఆయన ఎప్పటిలాగే పరిశీలించాడు.

“తను వెళితే మనకేంటి అభ్యంతరం? నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా.”

అలా అది ఖాయమైంది. రోజూ మూడింటికి చెయ్యి ఆటోలో వెళ్ళేది, బొమ్మలో మనిషి నడిచి వెళ్ళేది. ఐదింటికి అటూ ఇటూగా ఇద్దరూ వచ్చేసేవారు. మాఘం చివర్లో ఆవిడ ఐదున్నరకి వచ్చింది. ఇంకోరోజు దీపాలు పెట్టాక వచ్చింది. గవర్రాజు తల్లితో ఆ మాట అన్నాడు గానీ, హైమవతితో అనలేదు. హైమవతి ఏ రోజూ ఎక్కడికీ ఆలస్యంగా వచ్చింది కాదు కదా.

ఫాల్గుణంలో ఒక గురువారం ఆవిడ రాలేదు. మర్నాడూ రాలేదు.

ఇంట్లో ఏ లోటూ కలగలేదు. నాలుగింటికి కుళాయి వచ్చింది, బిందెలు నిండాయి. నాలుగున్నరకి టీ బల్లమీదికి వచ్చింది. ప్రమోషను కూడా వచ్చింది. ఖాళీ స్టూలు గోడమీద అంత బాగుండదని, ఆఫీసువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు గవర్రాజు దానిమీదే తగిలించాడు. కొలతలు సరిపోయాయి. హాల్లోకి వచ్చినవాళ్ళు ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిందేమైనా ఉందేమోనని హైమవతి కొన్నాళ్ళు చూసి, తర్వాత చూడటం మానేసింది.

చెయ్యి మాత్రం రోజూ వెళ్ళి వస్తోంది. ఒక సాయంత్రం ఆటో దిగిన చేతిని వీరమాణిక్యమే అందుకుంది. తిప్పి చూసి, కోడలికి ఇస్తూ అడిగింది.

“గోళ్ళనిండా ఇసకేంటే? వేళ్ళు సముద్రం వాసనేస్తున్నాయి.”

“కొత్త పాఠం మొదలెట్టారటండి అత్తయ్యగారూ,” అంది హైమవతి.

చేతిని మోచేతి దగ్గర పెట్టి కుడివైపుకి తిప్పి బిగించుకుంది. భుజందాకా హాయి పాకివచ్చేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది. వేళ్ళు ఒకటిరెండుసార్లు వాటంతటవే ముడుచుకున్నాయి, ఎవరి చేతినో పట్టుకుని నడిచి వచ్చిన వేళ్ళలాగా. తర్వాత ఆ ఇసక కడుక్కోకుండానే పొయ్యి వెలిగించి, గవర్రాజుకి టీ పెట్టింది.

ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. టీ కొంచెం ఉప్పగా ఉన్నట్టుందే అన్నాడు. ఇంకో గుక్క తాగి, అలవాటైపోతుందిలే అనుకుని, గ్లాసు ఖాళీ చేశాడు.